ప్రియొరాత్ కొండల్లో వైన్ యాత్ర: సన్నాహం నుంచి సీసా ఇల్లు చేరేదాకా సమగ్ర మార్గదర్శి

“బార్సెలోనాకు వెళ్తున్నాం, అక్కడి నుంచి ప్రియొరాత్ వైన్ ప్రాంతాన్ని ఒక్క రోజులో చూసి రావచ్చా?” అని అడిగే పాఠకులు కొంతకాలంగా పెరిగారు. చూసి రావచ్చు. కాని సరిగ్గా చూడాలంటే కనీసం ఒక రాత్రి అక్కడే బస చేయాలి, వైనరీలకు ముందుగా రాసి సమయం తీసుకోవాలి, అన్నిటికంటే ముఖ్యంగా గ్లాసు చేతికి రాకముందే కొండవాలు ఎక్కి ద్రాక్షతోటలో నిలబడాలి. ప్రియొరాత్ వైన్‌లో ఉన్న గుణమంతా ఆ వాలులోనూ ఆ రాతిలోనూ ఉంది కాబట్టి, తోట చూడకుండా రుచి చూసినవారికి ఖరీదైన ఎర్ర వైన్ తాగిన అనుభవం తప్ప మరేమీ మిగలదు.

చరిత్ర, ప్రశంసలు పక్కన పెట్టి, ఏది ముందు చేయాలి, ఏది తరువాత చేయాలి, ఎక్కడ పొరపాటు పడతారు అన్న విషయాలనే ఇక్కడ వివరిస్తున్నాను.

1. ముందుగా పటం అర్థం చేసుకోండి

ప్రియొరాత్ స్పెయిన్ ఈశాన్యంలో, కాటలోనియాలోని తర్రగోనా ప్రావిన్సులో ఉంది. ఈ పేరును రెండు వేర్వేరు సరిహద్దులకు వాడతారు. ఒకటి మన తాలూకా వంటి పరిపాలనా విభాగం. దానికి ముఖ్యపట్టణం ఫల్సెత్. రెండోది వైన్ చట్టం గుర్తించిన ప్రాంతం. అది తాలూకా కంటే చిన్నది.

ఆ వైన్ ప్రాంతాన్ని దాదాపుగా చుట్టేస్తూ మొంత్సాంత్ అనే మరో వైన్ ప్రాంతం ఉంది. అది 2001లో విడిగా ఏర్పడింది. ఫల్సెత్ పట్టణం చుట్టూ ఉన్న తోటల్లో ఎక్కువ భాగం మొంత్సాంత్ కిందికే వస్తాయి. అందువల్ల ఫల్సెత్‌లో దిగి, ఎదురుగా కనిపించిన దుకాణంలో సీసా కొని, అది ప్రియొరాత్ అనుకోవడం చాలామంది చేసే తొలి పొరపాటు. మొంత్సాంత్ వైన్‌లు తక్కువవి కావు, ధరకు తగ్గ విలువ చాలాసార్లు వాటిలోనే ఎక్కువ. అయితే మీరు ఏది కొంటున్నారో తెలిసి కొనాలి.

స్పెయిన్‌లో అత్యున్నత శ్రేణి గుర్తింపు ఉన్న వైన్ ప్రాంతాలు రెండే: రియోహా, ప్రియొరాత్. ప్రియొరాత్‌కు కాటలోనియా ప్రభుత్వం 2000లో, స్పెయిన్ ప్రభుత్వం 2009లో ఈ హోదా ఇచ్చాయి. లేబుల్ మీద ఈ హోదాకు సంక్షిప్తరూపంతో “డి.ఓ.క్యూ. ప్రియొరాత్” అని ఉంటే ఈ ప్రాంతపు వైన్ అని నమ్మవచ్చు.

ఈ ప్రాంతాన్ని 12 గ్రామ మండలాలుగా విభజించారు: గ్రతాల్యోప్స్, పొర్రేరా, పొబొలెదా, తొర్రోజా, బెల్ముంట్, ఎల్ ల్యోఆర్, లా మొరేరా, ఎస్కలదేయ్, లా విలేల్యా ఆల్తా, లా విలేల్యా బైషా, మాసోస్ దె ఫల్సెత్, సొలానెస్ దెల్ మొలార్. పటం మీద వీటిని పెన్సిల్‌తో గుర్తు పెట్టుకున్న తరువాతే వైనరీల జాబితా తయారు చేయండి. నేరుగా గీత గీస్తే రెండు గ్రామాల మధ్య దూరం చాలా తక్కువగా కనిపిస్తుంది, కాని మధ్యలో లోయలు ఉంటాయి.

2. ఏ నెలలో వెళ్ళాలి

నా సలహా ఏప్రిల్ చివరి నుంచి జూన్ మధ్య వరకు, లేదా అక్టోబరు రెండో సగం. వసంతంలో తీగలు చిగురించి ఉంటాయి, నడవడానికి వాతావరణం అనుకూలంగా ఉంటుంది, వైనరీలలో మీతో మాట్లాడే తీరిక ఉంటుంది. మే మొదటి వారాంతంలో ఫల్సెత్‌లో వైన్ సంత జరుగుతుంది. ఒకేచోట అనేక ఉత్పత్తిదారులను కలుసుకోవడానికి అది మంచి అవకాశం, కాని ఆ రోజుల్లో గదులు దొరకడం కష్టం కాబట్టి నెలల ముందే బుక్ చేయాలి.

సెప్టెంబరు కోత కాలం. చూడటానికి అదే అందరికీ ఇష్టం. కాని నిటారు వాలుల మీద కోత అంతా చేత్తోనే జరుగుతుంది, మనుషులు తక్కువ, పని ఎక్కువ. ఆ రోజుల్లో కొన్ని చిన్న వైనరీలు సందర్శకులను అసలు తీసుకోవు. కోత చూడాలన్న కోరిక బలంగా ఉంటే ఆ మాట ముందుగానే రాసి, వారు చెప్పిన వేళకే వెళ్ళండి.

జూలై, ఆగస్టు నెలల్లో మధ్యాహ్నపు ఎండ మన రెంటచింతల ఎండను తలపించకపోయినా, నల్లరాయి వేడెక్కిన వాలు మీద నడక మాత్రం కష్టమే. వేసవిలో అడవి మంటల ప్రమాదం ఎక్కువగా ఉన్న రోజుల్లో కొండ దారులను మూసివేస్తారు కూడా.

సెలవు రోజులు విడిగా చూసుకోండి: ఈస్టర్ వారం, జూన్ 24, సెప్టెంబరు 11, అక్టోబరు 12, నవంబరు 1. ఆదివారం మధ్యాహ్నం తరువాత, సోమవారం రోజంతా మూసి ఉంచే చోట్లు ఎక్కువ.

3. పత్రాలు

భారత పాస్‌పోర్టు ఉన్నవారికి షెంగెన్ వీసా అవసరం. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు, కనీసం 15 రోజుల ముందు చేయాలి. వేసవి సెలవులకు వెళ్ళేవారు ఆ చివరి గడువు దాకా ఆగకూడదు. ప్రయాణ బీమా కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చును భరించేదిగా ఉండాలి.

కారు నడపాలనుకుంటే లైసెన్సుతో పాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ కూడా కావాలి. దాన్ని బయలుదేరకముందే మీ ఆర్టీఏ కార్యాలయంలో తీసుకోండి. స్పెయిన్ చేరిన తరువాత తీసుకునే వీలు ఉండదు. అమెరికా లైసెన్సు ఉన్న తెలుగువారికీ ఈ పర్మిట్ అవసరమే.

4. చేరుకోవడం, బస

బార్సెలోనా నుంచి ఫల్సెత్ దాదాపు 140 కిలోమీటర్లు, కారులో సుమారు రెండు గంటలు. రేయుస్ పట్టణం దాకా దారి విశాలంగా ఉంటుంది. అక్కడి నుంచి ఎన్-420 రోడ్డు కొండల్లోకి ఎక్కి ఫల్సెత్ చేరుస్తుంది. రైలులో వచ్చేవారు మర్సా-ఫల్సెత్ స్టేషన్‌లో దిగాలి. స్టేషన్ ఊళ్ళో లేదు, ఫల్సెత్‌కు కొంత దూరంలో ఉంది కాబట్టి టాక్సీ ముందే మాట్లాడుకోండి.

గ్రామాల మధ్య బస్సులు చాలా అరుదు. కారు గాని, డ్రైవరుతో మాట్లాడుకున్న వాహనం గాని లేకుండా ఈ యాత్ర సాగదు. మీ బృందంలో అందరూ వైన్ రుచి చూడాలనుకుంటే డ్రైవరును మాట్లాడుకోవడమే సరైన పని. ఒకరు నడుపుతారనుకుంటే, ఆ ఒకరు ఎవరన్నది ఇంట్లోనే తేల్చుకోండి. చట్టం అనుమతించే పరిమితిని లెక్కవేసుకుంటూ తాగి ఈ మలుపుల్లో నడపడాన్ని నేను ఏ పరిస్థితిలోనూ సమర్థించను.

స్పెయిన్‌లో వాహనాలు రోడ్డుకు కుడివైపున నడుస్తాయి. ఎడమవైపు నడపడం అలవాటైన మనవారికి నగరంలో కంటే కొండ మలుపుల్లోనే పొరపాటు జరిగే అవకాశం ఎక్కువ, ఎందుకంటే ఎదురుగా వాహనాలు లేనప్పుడు చెయ్యి పాత అలవాటుకే తిరుగుతుంది. అద్దె కార్లలో గేర్లు చేత్తో మార్చేవే ఎక్కువ. ఆటోమేటిక్ కావాలంటే బుక్ చేసేటప్పుడే అడగాలి.

బసకు రెండు మార్గాలు ఉన్నాయి. ఫల్సెత్‌లో ఉంటే దుకాణాలు, ఏటీఎం, మందుల షాపు, పెట్రోలు బంకు అన్నీ అందుబాటులో ఉంటాయి. గ్రతాల్యోప్స్ లేదా పొర్రేరా వంటి గ్రామంలో ఉంటే సాయంత్రం కారు తీయవలసిన అవసరం ఉండదు. మొదటిసారి వెళ్ళేవారికి, వైన్ ముఖ్యమనుకునేవారికి నేను గ్రతాల్యోప్స్‌నే సూచిస్తాను, ఎందుకంటే నడిచి వెళ్ళగలిగిన దూరంలోనే అనేక వైనరీలు ఉన్నాయి.

కొండల్లోకి వెళ్ళేముందు ఫల్సెత్‌లో సరిచూసుకోవలసినవి:

- పెట్రోలు నిండుగా ఉందా
- కొంత నగదు చేతిలో ఉందా
- పటం ఫోన్‌లోకి డౌన్‌లోడ్ అయిందా (లోయల్లో సిగ్నల్ పోతుంది)
- తాగునీరు, టోపీ, పట్టు ఉన్న బూట్లు
- వైనరీల ఫోన్ నంబర్లు కాగితం మీద
- అత్యవసర నంబరు 112

5. వైనరీలకు రాయడం

ఈ యాత్రలో అన్నిటికంటే జాగ్రత్తగా చేయవలసిన పని ఇదే. ఇక్కడి వైనరీలలో చాలా భాగం కుటుంబాలు నడిపేవి. ఉదయం తోటలో కత్తిరింపు చేసిన మనిషే పదకొండు గంటలకు మీకు పీపాల గది చూపిస్తాడు. ముందు చెప్పకుండా తలుపు తట్టితే మర్యాదగానే పలకరిస్తారు, కాని లోపల చూపించే తీరిక వారికి ఉండదు.

మూడు, నాలుగు వారాల ముందు రాయండి. ఇంగ్లీషులో రాసినా ఇబ్బంది లేదు. ఒకే మెయిల్‌లో ఈ వివరాలన్నీ ఉండాలి: ఎంతమంది వస్తున్నారు, పిల్లలు ఉన్నారా, ఏ తేదీ, ఏ వేళ, రెండో ఎంపికగా మరో తేదీ, వివరణ ఏ భాషలో కావాలి, తోట నడక కావాలని స్పష్టమైన అభ్యర్థన, భోజన నియమాలు ఏవైనా ఉంటే అవి.

తోట నడక అన్న మాటను వదలకండి. సందర్శన అంటే కొన్నిచోట్ల పీపాల గది, రుచి చూసే బల్ల మాత్రమే. “తోటలోకి తీసుకువెళ్తారా, ఎంతసేపు, నిటారు వాలు మీద ఉన్న తోట చూపిస్తారా?” అని అడగండి. ఈ ప్రశ్నకు వచ్చే జవాబును బట్టే ఏ వైనరీకి వెళ్ళాలో నిర్ణయించుకోవచ్చు.

రుచి చూడటానికి రుసుము ఉంటుంది. ఏ సీసాలు తెరుస్తారన్నదాన్ని బట్టి అది మారుతుంది. రుసుములో ఏ వైన్‌లు ఉన్నాయో అడగడం అమర్యాద కాదు.

ఎంపిక విషయానికి వస్తే, రెండు రోజుల యాత్రకు వేర్వేరు గ్రామాలలో, వేర్వేరు పరిమాణాలలో ఉన్న మూడు లేదా నాలుగు వైనరీలు చాలు. ఎస్కలదేయ్‌లో కార్తూసియన్ అనే క్రైస్తవ సన్యాసుల పాత మఠం పక్కన ఉన్న సెల్లర్స్ దె స్కాలా దేయి, గ్రతాల్యోప్స్‌లో క్లోస్ మొగదోర్, పొర్రేరాలో వాల్ ల్యాక్, బెల్ముంట్‌లో మాస్ దెన్ జిల్, పొబొలెదాలో మాస్ దోయిష్, ఇలా ఒక్కొక్క గ్రామం నుంచి ఒక్కటి తీసుకుంటే తేడా తెలుస్తుంది. ఒకే గ్రామంలో నాలుగు చూస్తే తెలియదు.

6. రెండు రోజుల క్రమం

రోజుకు రెండు వైనరీలు మించవద్దు. ఒక్కొక్క సందర్శనకు రెండు గంటలు, తోట నడక ఉంటే మూడు గంటలు పడుతుంది. పైగా ఇక్కడి ఎర్ర వైన్‌లలో ఆల్కహాల్ 14.5 నుంచి 15.5 శాతం దాకా ఉండటం మామూలే. మూడో వైనరీ చేరేసరికి నాలుక పని చేయదు.

మొదటి రోజు ఉదయం ఎస్కలదేయ్ వెళ్ళండి. 12వ శతాబ్దంలో వచ్చిన కార్తూసియన్ సన్యాసుల మఠం శిథిలాలు మొంత్సాంత్ కొండ పాదాన ఉన్నాయి; వెనుక నిటారుగా నిలబడిన కొండగోడను అక్కడి నుంచి చూస్తే ఉత్తరం నుంచి వచ్చే చలిగాలిని అది ఎలా అడ్డుకుంటుందో అర్థమవుతుంది. అక్కడే మొదటి వైనరీ. మధ్యాహ్న భోజనం తరువాత లా మొరేరా గ్రామానికి ఎక్కి, సహజోద్యానవనం సమాచార కేంద్రంలో దారుల వివరాలు తీసుకొని కాస్త నడవండి.

లా మొరేరా నుంచి కొండగోడ ఎక్కే ఇరుకు దారులను గ్రావు అంటారు. వాటిలో గ్రావు దెల్స్ బర్రోత్స్ దారిలో రాతికి బిగించిన ఇనుప కడ్డీలు పట్టుకొని ఎక్కాలి. ఎత్తు అంటే భయం ఉన్నవారు, పిల్లలతో ఉన్నవారు, వైన్ రుచి చూసి వచ్చినవారు ఆ దారి వైపు వెళ్ళకూడదు. పైన ఉన్న రోకా కొర్బతేరా శిఖరం 1,163 మీటర్ల ఎత్తు. దానికి విడిగా ఒక రోజు కేటాయించాలి.

రెండో రోజు ఉదయం గ్రతాల్యోప్స్ పక్కనున్న కొన్సొలాసియో గుడి గుట్ట ఎక్కండి. చుట్టూ ఉన్న వాలులన్నీ ఒక్కచోటి నుంచి కనిపిస్తాయి. పది నిమిషాలు నిలబడి మూడు రకాల తోటలను విడదీసి గుర్తించండి: మెట్లు లేకుండా నేరుగా వాలు మీదే నాటిన తోటలు, పాత రాతిగోడలతో కట్టిన చిన్న మెట్లు, యంత్రాలతో కోసిన వెడల్పాటి కొత్త మెట్లు. ఆ తరువాత రెండో వైనరీ. మధ్యాహ్నం పొర్రేరా లేదా తొర్రోజాలో మూడోది.

ఫల్సెత్ నుంచి గ్రతాల్యోప్స్‌కు టి-710 రోడ్డు మీద దాదాపు పది కిలోమీటర్లే. ఫోన్ చూపించే సమయానికి సగం కలిపి లెక్క వేసుకోండి. ట్రాక్టరు ఎదురైతే దారి ఇచ్చి ఆగాలి. అది పని మీద ఉంది, మనం విహారం మీద ఉన్నాం.

7. తోటలో ఏం చూడాలి

తోటలో అడుగు పెట్టగానే కాళ్ళ కింద మట్టి కాక పలకలు చప్పుడు చేస్తూ జారతాయి. దీన్ని ఇక్కడివారు లికొరేయా అంటారు. ఒక ముక్క చేతిలోకి తీసుకొని అంచు చూడండి: పొరలు పొరలుగా ఉంటుంది, గోటితో ఒత్తితే కొన్నిచోట్ల పొర విడిపోతుంది. ఎండలో వంచి చూస్తే అభ్రకం రేణువులు మెరుస్తాయి, కొన్ని ముక్కల మీద తుప్పు రంగు చారలు కనిపిస్తాయి. మధ్యాహ్నం దాటిన తరువాత పట్టుకుంటే చేతికి వేడి తగులుతుంది. చూసిన తరువాత ఆ ముక్కను అక్కడే వదిలేయండి.

తరువాత రోడ్డు కోసిన చోట కొండ గోడను చూడండి. పలకలు నిలువుగా నిలబడి ఉన్న చోట వాన నీరు పగుళ్ళలోకి దిగుతుంది, దాన్ని వెతుక్కుంటూ వేళ్ళు కూడా లోతుకు పోతాయి. పలకలు అడ్డంగా పరుచుకున్న చోట వేరు దిగడం కష్టం. సేంద్రియ పదార్థం చాలా తక్కువగా ఉన్న ఈ రాతిలో, వానలు తక్కువగా ఉండే ఈ కొండల్లో తీగ బతకడానికి ఆ లోతే ఆధారం. దిగుబడి తక్కువగా ఉండటానికీ, రసం చిక్కగా ఉండటానికీ కారణం అక్కడే కనిపిస్తుంది.

హైదరాబాదు చుట్టుపక్కల అనాబెషాహీ తోటలను పందిళ్ళ మీద చూసినవారికి ఇక్కడి తీగలు మొదట తీగల్లాగే అనిపించవు. పందిరి ఉండదు, కర్ర ఉండదు. మోకాలి ఎత్తు మొద్దు నుంచి నాలుగైదు కొమ్మలు పైకి లేచిన పొదలా ఉంటుంది. అలా పెంచితే ఆకు నీడ గుత్తి మీదే పడుతుంది, నీటి అవసరం తగ్గుతుంది, గాలికి తట్టుకుంటుంది. ఒక సీసా వైన్‌కు కిలో పైచిలుకు పండు కావాలి. నిటారు వాలు మీది ముసలి తీగ కొన్ని సంవత్సరాల్లో అంత కూడా ఇవ్వదు.

మీకు తోట చూపిస్తున్నవారిని ఈ ప్రశ్నలు అడగండి. జవాబులు రాసుకోండి, రుచి చూసేటప్పుడు పనికొస్తాయి.

- ఈ వాలు ఏ దిక్కుకు తిరిగి ఉంది? దక్షిణపు ఎండవాలును సొలానా అనీ, ఉత్తరపు నీడవాలును ఒబాగా అనీ అంటారు. ఎండలు ముదురుతున్న ఈ కాలంలో నీడవాలు తోటలకు విలువ పెరుగుతోంది.
- ఎత్తు ఎంత? 100 మీటర్ల దగ్గర నుంచి 700 మీటర్ల పైదాకా తోటలు ఉన్నాయి కాబట్టి కోత తేదీలు వారాల తేడాతో మారతాయి.
- ఇది గర్నాచానా, కరిన్యేనానా (ఇక్కడి రెండు ముఖ్యమైన ద్రాక్ష రకాలు)? ఎప్పుడు నాటారు?
- దున్నడం ఎలా? కొన్ని వాలుల మీద ట్రాక్టరు నిలబడదు, ఇప్పటికీ కంచర గాడిదతోనే దున్నుతారు.
- నీరు పెడతారా?

గాలి గురించి కూడా అడగండి. వాయవ్యం నుంచి వచ్చే మెస్త్రాల్ పొడిగా వీచి తెగుళ్ళను తగ్గిస్తుంది, సముద్రం వైపు నుంచి వచ్చే గర్బీ తేమను మోసుకొస్తుంది. ఈ రెండిటి మధ్య ఆ సంవత్సరం ఎలా గడిచిందో చెప్పగలిగిన మనిషి మీకు దొరికితే, ఆ సందర్శనకు మరో అరగంట కేటాయించండి.

8. రుచి చూసే బల్ల దగ్గర

క్రమం ఇది: తెల్ల వైన్, తరువాత ప్రాంతపు పేరుతో వచ్చే లేత ఎర్ర వైన్, తరువాత గ్రామం పేరుతో వచ్చేది, చివర ఒకే తోట వైన్. తీపి వైన్ లేదా రన్సీ ఉంటే అన్నిటి తరువాత. రన్సీ అంటే గాలి తగలనిచ్చి ఏళ్ళ తరబడి నిల్వ చేసినది. అక్రోటు, ఎండిన అంజీర వాసన వస్తుంది. చెడిపోయిందని పక్కన పెట్టకండి.

ప్రతి గ్లాసుకూ ఇలా చేయండి. ముందు గ్లాసు కదిలించకుండా వాసన చూడండి. తరువాత తిప్పి మళ్ళీ చూడండి. చిన్న గుక్క నోట్లోకి తీసుకొని నాలుక అంతటా తిప్పి, బల్ల మీద పెట్టిన పాత్రలో ఉమ్మేయండి. మన ఇళ్ళలో ఎదుటివారి ముందు ఉమ్మడం తప్పుగా నేర్పారు కాబట్టి చాలామంది మొహమాటపడి మింగేస్తారు. ఇక్కడ ఉమ్మడమే పద్ధతి, తయారుచేసినవారే ముందుగా ఉమ్ముతారు. కారు నడిపే మనిషి కూడా అప్పుడు రుచి వివరాల్లో పాలుపంచుకోవచ్చు, కాని నోటిలో ఉంచుకున్నా కొంత ఆల్కహాల్ ఒంట్లోకి చేరుతుంది కాబట్టి ఆ మనిషి వాసనకు పరిమితమైతే మంచిది.

గర్నాచా, కరిన్యేనా అనే రెండు రకాల తేడా పట్టుకోవడం ఈ బల్ల దగ్గర మీరు నేర్చుకోగలిగిన అతి విలువైన విషయం. గర్నాచాలో పండు రుచి ముందుకు వస్తుంది, ఆల్కహాల్ వెచ్చదనం తెలుస్తుంది, పులుపు మెత్తగా ఉంటుంది. కరిన్యేనాలో రంగు ముదురు, పులుపు పదును, వగరు ఎక్కువ. మింగిన తరువాత నోరూరుతుంది. రెండిటినీ విడివిడిగా పోయమని అడిగి, తరువాత కలిపిన వైన్ చూడండి. ఒకదాని లోటును మరొకటి ఎలా పూడుస్తుందో అప్పుడు తెలుస్తుంది.

బల్ల దగ్గర కూర్చునే ముందు:

- సెంటు, ఘాటైన తలనూనె వాడకండి
- ఖాళీ కడుపుతో వెళ్ళకండి
- కారం ఎక్కువ తిన్న వెంటనే వెళ్ళకండి, వక్కపొడి కూడా వద్దు
- ప్రతి గ్లాసుకూ అంతే నీరు తాగండి
- చక్కెర వ్యాధి, రక్తపోటు మందులు వాడేవారు ప్రయాణానికి ముందే వైద్యుణ్ణి అడగండి

9. లేబుల్ చదవడం

ప్రియొరాత్‌లో అయిదు మెట్లు ఉన్నాయి. కింది నుంచి పైకి: ప్రాంతపు వైన్, గ్రామపు వైన్ (వి దె విలా), పేరున్న చిన్న భూభాగపు వైన్ (వి దె పరాజె), వర్గీకృత తోట (విన్యా క్లసిఫికాదా), అన్నిటికీ పైన గ్రాన్ విన్యా క్లసిఫికాదా. మెట్టు ఎక్కేకొద్దీ పండు వచ్చిన నేల విస్తీర్ణం తగ్గుతుంది, నియమాలు బిగుస్తాయి.

సీసా మీద “క్లోస్” అనే మాట కనిపించినంత మాత్రాన అది హోదా కాదు. 1989 ప్రాంతంలో ఇక్కడ కొత్తగా మొదలుపెట్టిన రెనే బర్బియే, ఆల్వరో పలాసియోస్ బృందం తమ వైన్‌లకు ఆ పేరు పెట్టుకోవడంతో తరువాతివారూ అనుసరించారు. మీ డబ్బుకు న్యాయం జరగాలంటే మొదటిసారి గ్రామపు వైన్ మెట్టు దగ్గరే ఆగండి. రెండు వేర్వేరు గ్రామాల సీసాలు, ఒకే సంవత్సరానివి, పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.

10. తిండి, ముఖ్యంగా శాకాహారులకు

మధ్యాహ్న భోజనం ఒకటిన్నర నుంచి మూడున్నర లోపు, రాత్రి భోజనం ఎనిమిదిన్నర తరువాత. మధ్యలో వంటగదులు మూసి ఉంటాయి. గ్రామాల్లో ఒకటి రెండు భోజనశాలలే ఉంటాయి కాబట్టి వైనరీలతో పాటు వీటినీ బుక్ చేయాలి.

శాకాహారులు “సెన్సే కార్న్ ని పెయిష్” అని చెబితే మాంసం, చేప రెండూ లేకుండా అని అర్థం. గుడ్డు కూడా వద్దంటే “ని ఒవుస్” అని చేర్చండి. టమాటా రుద్దిన రొట్టె, ఆలివ్ నూనె. కాల్చిన వంకాయ, కాప్సికం కలిపిన ఎస్కలివాదా. ఎండుద్రాక్ష, పైన్ గింజలతో వేయించిన పాలకూర, ఇవి దాదాపు అన్నిచోట్లా దొరుకుతాయి. ఎస్కలివాదా మీద ఉప్పుచేప పెట్టి తెస్తారు, ముందే వద్దని చెప్పాలి. చిక్కుడు కూరల్లో పంది కొవ్వు వేసే అలవాటు ఉంది, అడగకుండా తినకండి. సియురానా పేరుతో వచ్చే అర్బెకీనా ఆలివ్ నూనె ఇక్కడిదే. వైన్ వద్దనుకునే ఇంటి పెద్దలకు తీసుకెళ్ళడానికి అంతకంటే మంచి వస్తువు లేదు.

11. తరచుగా జరిగే పొరపాట్లు, వాటికి సవరణలు

*అపాయింట్‌మెంటుకు ఆలస్యమైంది.* ఆగగలిగిన చోట ఆగి వెంటనే ఫోన్ చేయండి. పావుగంట ఆలస్యానికి ఎవరూ ఏమీ అనరు, చెప్పకుండా రాకపోవడాన్ని మాత్రం గుర్తుపెట్టుకుంటారు.

*ఒకే రకం వైనరీలు బుక్ అయ్యాయి.* ఒకదాన్ని కనీసం రెండు రోజుల ముందు మర్యాదగా రద్దు చేసి, ఆ సమయంలో ఫల్సెత్‌లోని సహకార వైనరీ భవనం చూడండి. వాస్తుశిల్పి సెసార్ మర్తినెల్ రూపొందించిన ఆ భవనం 1919 నాటిది. చిన్న రైతులు కలిసి వైన్ చేసే పద్ధతి అక్కడ తెలుస్తుంది.

*వైన్ ఇష్టపడనివారు, పిల్లలు బృందంలో ఉన్నారు.* బెల్ముంట్‌లో 1972లో మూతపడిన సీసపు (లెడ్) గనిని ప్రదర్శనశాలగా మార్చారు. భూమి లోపల నడక ఉంటుంది, పిల్లలు బాగా ఇష్టపడతారు. సియురానా గ్రామం కొండకొమ్మున ఉంది, కింద జలాశయం. ఒక సాయంత్రానికి సరిపోతుంది.

*వైన్ నచ్చలేదు, ఏం చెప్పాలో తెలియలేదు.* వగరు ఎక్కువనిపించిందనో, వెచ్చదనం ఎక్కువనిపించిందనో సూటిగా చెప్పండి. వారు మరో సీసా తెరిచే అవకాశం అప్పుడే వస్తుంది. మొహమాటపు పొగడ్త ఇద్దరికీ ఉపయోగపడదు.

*కొన్న సీసాలు ఎండలో నిలిపిన కారులో ఉండిపోయాయి.* వేసవిలో రెండు గంటలు చాలు, వైన్ పాడవడానికి. చివరి రోజు చివరి వేళలో కొనండి, లేదా వైనరీలోనే ఉంచి వెళ్ళేటప్పుడు తీసుకుంటామని చెప్పండి.

12. సీసాలు ఇంటికి

భారత్‌కు తిరిగి వచ్చే ప్రయాణికుడు సుంకం లేకుండా 2 లీటర్ల మద్యం తెచ్చుకోవచ్చు. 750 మిల్లీలీటర్ల సీసాలు రెండు కలిపితే లీటరున్నర. మూడోది చేరితే పరిమితి దాటుతుంది. అందువల్ల మనిషికి రెండే కొనండి. అమెరికాలో ఉండేవారికి 21 ఏళ్ళు నిండితే సుంకం లేకుండా 1 లీటరు, బ్రిటన్‌లో ఉండేవారికి 18 లీటర్ల సాధారణ వైన్ అనుమతి ఉంది. జర్మనీ వంటి యూరోపియన్ యూనియన్ దేశాల్లో ఉండేవారు సొంత వాడకానికి తీసుకెళ్ళవచ్చు.

సీసాలు చేతి సంచిలో వద్దు, 100 మిల్లీలీటర్ల నియమం అడ్డుపడుతుంది. చెక్-ఇన్ పెట్టెలో, ఒక్కొక్క సీసాను విడిగా ప్లాస్టిక్ సంచిలో కట్టి, మందపాటి బట్టల్లో చుట్టి, నాలుగు వైపులా మెత్తని బట్టలు ఉండేలా మధ్యలో పెట్టండి. రెండు సీసాలు ఒకదానికొకటి తగలకూడదు. రసీదులు పాస్‌పోర్టుతో పాటు ఉంచండి.

ఇల్లు చేరిన తరువాత కనీసం రెండు వారాలు సీసాను కదపకుండా, చీకటిగా చల్లగా ఉండే చోట పడుకోబెట్టి ఉంచండి. మన వేసవిలో బీరువా సరిపోదు. వైన్ ఫ్రిజ్ లేకపోతే మామూలు ఫ్రిజ్‌లో కూరగాయల అర మేలు. తెరిచే రోజున గంట ముందు జాడీలోకి వంచి గాలి తగలనివ్వండి, 16 నుంచి 18 డిగ్రీల మధ్య పోయండి. మన ఇళ్ళలోని వేడికి గ్లాసులో పోసిన పది నిమిషాలకే ఆల్కహాల్ వాసన పైకి వస్తుంది కాబట్టి, ఒక్కసారికి కొద్దికొద్దిగా పోసి, జాడీని మళ్ళీ చల్లని నీళ్ళలో ఉంచండి.